వాడని చిమ్నీ: గోడ మనదే, బరువు ఇద్దరిదీ

తూర్పు లండన్‌లో ఈస్ట్ హామ్, ఇల్‌ఫర్డ్, లేటన్ లాంటి చోట్ల పాత టెర్రస్ ఇల్లు కొన్న మనవాళ్ళు, తాళాలు చేతికొచ్చిన వారంలోపే నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, హాల్లో ఒక గోడ మధ్యలో ముందుకు పొడుచుకొచ్చి ఉంది. లోపలంతా ఖాళీనే అంట. కొట్టేస్తే సోఫా పడుతుంది కదా?"

ఆ పొడుచుకొచ్చిన గోడనే ఇక్కడ చిమ్నీ బ్రెస్ట్ అంటారు. పాడ్‌కాస్ట్‌లో దీని గురించి మాట్లాడినప్పుడు టైం చాల్లేదు. జవాబు మాత్రం చెప్పాం, ఆ జవాబు వెనకున్న కథ మిగిలిపోయింది. ఆ కథ తెలియకుండా సుత్తి పట్టుకోకూడదని నా అభిప్రాయం. నేను చరిత్ర చదివినవాణ్ణి కాదండి. ఐటీఐలో సివిల్ చేసి, కొన్నేళ్ళు గల్ఫ్‌లో, తర్వాత ఇక్కడ సైట్ల మీద సూపర్‌వైజర్‌గా బతుకుతున్నవాణ్ణి. కానీ పాత గోడ విప్పినప్పుడు అందులో నుంచి ఏదో ఒకటి బయటికొస్తుంది, అది ఎందుకక్కడుందో తెలుసుకోకపోతే నాకు నిద్ర పట్టదు. అలా పోగైన సంగతులే ఇవి.

మన ఊళ్ళలో ఇంటికి చిమ్నీ అనేది లేదు. మా గోదావరి వైపు పొగగొట్టం అంటే రైస్ మిల్లుదే. ఊక తగలబెట్టిన మసి మధ్యాహ్నం డాబాల మీద, ఆరేసిన బట్టల మీద రాలేది. ఇంట్లో పొయ్యి పొగ పెంకుల సందుల్లోంచి, గవాక్షంలోంచి పోవాల్సిందే. పోయినంత పోయేది, మిగిలింది అమ్మ కళ్ళలోకి పోయేది. ఇంగ్లండ్‌లో కూడా ఒకప్పుడు అంతే. గది మధ్యలో నేల మీద మంట, పైన కప్పులో సందు. 1577లో విలియం హారిసన్ అనే పాస్టర్ తన దేశం గురించి రాస్తూ, మా ఊరి ముసలివాళ్ళు తమ కాలంలో మూడు మార్పులు చూశామంటున్నారని చెప్పాడు. పడకలు మెరుగయ్యాయి, చెక్క పళ్ళేలు పోయి లోహపు పళ్ళేలొచ్చాయి, అన్నిటికన్నా ముందు, ఊళ్ళో చిమ్నీలు తెగ పెరిగిపోయాయి. అంటే మామూలు ఇళ్ళకు చిమ్నీ అనేది ఆ తరం కళ్ళముందు వచ్చిన కొత్త వస్తువన్నమాట, మనకి టీవీ యాంటెన్నాలు వచ్చినట్టు.

కారణం బొగ్గు. కట్టెల పొగని ఎలాగో భరించొచ్చు, బొగ్గు పొగని భరించలేం. గంధకం వాసన, గొంతులో మంట. న్యూకాసిల్ నుంచి ఓడల మీద లండన్‌కి బొగ్గు దిగడం పెరిగేకొద్దీ, పొయ్యిని గోడలోకి నెట్టి పొగకి విడిగా దారి కట్టడం తప్పనిసరి అయింది. బొగ్గుకి వెడల్పు దారి పనికిరాదు. ఇరుకుగా, ఎత్తుగా ఉంటేనే గాలి లాగుతుంది. ఆ ఇరుకుతనమే తర్వాత పిల్లల ప్రాణాల మీదికి వచ్చింది. దాని సంగతి కాసేపట్లో చెప్తాను.

చిమ్నీలు వచ్చాక ప్రభుత్వం ఊరుకుంటుందా? 1662లో రెండో చార్లెస్ కాలంలో పొయ్యి పన్ను వేశారు. ఒక్కో పొయ్యికి ఏడాదికి రెండు షిల్లింగులు, రెండు వాయిదాల్లో కట్టాలి. బాగా పేదవాళ్ళకి మినహాయింపు ఉండేది. పన్ను కంటే జనానికి మండిందేంటంటే, వసూలు చేసేవాడు ఇంట్లోకి వచ్చి గదిగదికీ తిరిగి పొయ్యిలు లెక్కపెట్టడం. చాలామంది పొయ్యి నోరు ఇటుకలతో మూసేసి, 'ఇక్కడేం లేదు' అనేవాళ్ళు. వాడని చిమ్నీని మూసేయడం అనే అలవాటు మన కాలానిదేం కాదన్నమాట, పన్ను ఎగ్గొట్టడానికి అప్పుడే మొదలైంది.

ఆ ఎగవేతల్లో ఒకటి మాత్రం నేను ఎప్పుడూ మర్చిపోను. ఆక్స్‌ఫర్డ్‌షైర్‌లో చర్చిల్ అనే ఊరుంది. 1684లో ఆ ఊళ్ళో రొట్టెలు కాల్చే ఆవిడ ఒకరు, చిమ్నీ పన్ను తప్పించుకోవడానికి తన పొయ్యి దగ్గర గోడకి కన్నం కొట్టి, పొగని పక్కింటివాళ్ళ చిమ్నీలోకి కలిపేసిందట. నిప్పు అంటుకుంది. ఇరవై ఇళ్ళు కాలిపోయాయి, నలుగురు చనిపోయారు. పన్ను 1689లో రద్దయింది, విలియం, మేరీ రాజ్యానికొచ్చాక. కానీ ఆ కన్నం కథ నాకు ఈనాటి సైట్ల మీద కనిపిస్తూనే ఉంటుంది. గోడ మనదే అనుకుని కొడతాం, అవతలవాడి ఇల్లు దాని మీద ఆధారపడి ఉంటుంది.

1666లో లండన్ తగలబడిన సంగతి అందరికీ తెలుసు. మరుసటేడు చేసిన చట్టం ఇళ్ళు ఇటుకతోనో రాయితోనో కట్టాలంది. అంతకుముందు చెక్కతో కట్టిన చిమ్నీలు కూడా ఉండేవంటే ఈ రోజు నమ్మబుద్ధి కాదు. అక్కణ్ణుంచి రెండు ఇళ్ళ మధ్య ఉమ్మడి గోడ, దానికి ఆనుకుని చిమ్నీ, పైన కప్పు దాటి ఒకే స్టాక్, ఈ పద్ధతి స్థిరపడింది. 19వ శతాబ్దంలో కట్టిన లక్షల టెర్రస్ ఇళ్ళు ఇదే అచ్చులోంచి తీసినట్టుంటాయి. మనవాళ్ళు కొంటున్నవి చాలావరకు ఇవే.

ఇప్పుడు లోపల ఏముంటుందో చెప్తాను, ఇది తెలిస్తే మిగతాదంతా దానంతట అదే అర్థమవుతుంది. ఒక చిమ్నీ బ్రెస్ట్‌లో ఒకే గొట్టం ఉంటుందనుకుంటారు. కాదు. ప్రతి పొయ్యికి విడిగా ఒక పొగదారి ఉంటుంది. కింద హాల్లో పొయ్యి దారి నేరుగా పైకి పోదు, పైన బెడ్‌రూంలో ఇంకో పొయ్యి ఉంది కాబట్టి దాని పక్కనుంచి వంగి పోవాలి. రెండు దారుల మధ్య సగం ఇటుక మందంలో సన్నటి అడ్డుగోడ. అటువైపు పక్కింటివాళ్ళవి కూడా అలాగే. వీధిలో నిలబడి కప్పు మీద ఒక్కో స్టాక్‌కి ఎన్ని మట్టి కుండలున్నాయో లెక్కపెడితే, సాధారణంగా అన్ని పొయ్యిలున్నట్టు. మా వీధిలో ఒక స్టాక్‌కి ఎనిమిది ఉన్నాయి, ఇటు నాలుగు, అటు నాలుగు.

ఆ దారుల లోపలి పూత గురించి చెప్తే మా అమ్మ నవ్వింది. సున్నం మాలులో ఆవుపేడ కలిపి పూసేవాళ్ళు. పేడ కలిస్తే పూత వేడికి తొందరగా పగలదు, అతుక్కుని ఉంటుంది. "అంత పెద్ద లండన్లో కూడా అలుకుతారా?" అని అడిగింది. అలికారమ్మా, నిలువుగా అలికారు. ఇంతకాలానికి ఆ పూత పొడిపొడిగా రాలిపోయి ఉంటుంది. అందుకే పాత దారిలో మళ్ళీ మంట పెట్టాలంటే లోపల స్టీలు లైనర్ దింపాలంటారు.

మాలులో ఇంకో విషయం ఉంది. ఇటుక పొడవు సుమారు తొమ్మిది అంగుళాలు. అందుకని మేస్త్రీలకి సులువైన దారి తొమ్మిదంగుళాలకి తొమ్మిదంగుళాల చదరం. ఆ చదరంలో పెద్దమనిషి పట్టడు. అందులోకి పిల్లల్ని ఎక్కించేవాళ్ళు.

చదివినప్పుడల్లా నాకు చేతులు ఆగిపోయే భాగం ఇదే. నాలుగైదేళ్ళ పిల్లల్ని కూడా, అనాథల్నో, తల్లిదండ్రులు డబ్బుకి ఒప్పగించినవాళ్ళనో, చిమ్నీ మేస్త్రీలు పనికి పెట్టుకునేవాళ్ళు. మోకాళ్ళు, మోచేతులు గోడలకి అదిమి, గొంగళిపురుగు పాకినట్టు పైకి పాకాలి. చర్మం గట్టిపడటానికి ఉప్పునీళ్ళు రుద్దేవాళ్ళు. రాత్రి మసి బస్తాల మీదే పడుకునేవాళ్ళు. ఆ మసిని మేస్త్రీ రైతులకి ఎరువుగా అమ్ముకునేవాడు. అంటే ఒకే పనికి ఇంటివాళ్ళ దగ్గర కూలీ, రైతు దగ్గర ధర, రెండు ఆదాయాలు. 1775లో పెర్సివల్ పాట్ అనే లండన్ డాక్టరు ఈ పనివాళ్ళలో వృషణాల తిత్తి మీద వచ్చే క్యాన్సర్‌కి మసే కారణమని రాశాడు. ఒక పని వల్ల ఫలానా క్యాన్సర్ వస్తుందని చెప్పిన మొదటి సందర్భాల్లో ఇదొకటని వైద్యులు ఇప్పటికీ చెప్పుకుంటారు.

చట్టాలు రాలేదా అంటే వచ్చాయి. 1788లో ఎనిమిదేళ్ళలోపు వాళ్ళని పెట్టుకోవద్దన్నారు. ఎవరూ వినలేదు. 1803కే జార్జ్ స్మార్ట్ అనే ఆయన కర్రలు ఒకదానికొకటి అతికించి బ్రష్‌తో తుడిచే పనిముట్టు చేశాడు, అంటే పిల్లల అవసరమే లేకుండా పోయింది. అయినా పార్లమెంటు పై సభ బిల్లుల్ని తిప్పికొడుతూ పోయింది. పెద్దింటివాళ్ళ చిమ్నీలు వంకరటింకరగా ఉంటాయి, బ్రష్ తిరగదు, వాటిని మార్చాలంటే గోడలు విప్పాలి, అదీ వాళ్ళ బాధ. గోడ విప్పడానికి అయ్యే ఖర్చు పిల్లాడి కంటే ఎక్కువని లెక్క వేశారన్నమాట. సైట్‌లో నేను కూడా ఖర్చుల లెక్కలు వేసేవాణ్ణే, అయినా ఈ లెక్క నాకు మింగుడుపడలేదు.

1840 చట్టం 21 ఏళ్ళలోపు వాళ్ళెవరూ చిమ్నీ ఎక్కకూడదంది. కొత్తగా కట్టే దారి కనీసం పద్నాలుగు అంగుళాలకి తొమ్మిది అంగుళాలుండాలంది. మేస్త్రీ భాషలో చెప్పాలంటే ఒకటిన్నర ఇటుకకి ఒక ఇటుక. ఒక్క అర ఇటుక వెడల్పు పెరగడానికి అన్నేళ్ళు పట్టింది. అది కూడా సరిగ్గా అమలు కాలేదు. 1864లో ఇంకోటి తెచ్చారు, అదీ అంతే. చివరికి 1875లో కేంబ్రిడ్జ్ దగ్గర ఫుల్‌బోర్న్ మానసిక ఆసుపత్రి చిమ్నీలో జార్జ్ బ్రూస్టర్ అనే పదకొండేళ్ళ అబ్బాయి ఇరుక్కుపోయాడు. గోడ పగలగొట్టి తీశారు, కాసేపటికే చనిపోయాడు. పంపిన మేస్త్రీకి ఆరు నెలల కఠిన శిక్ష పడింది. షాఫ్ట్స్‌బరీ ప్రభువు పట్టుబట్టి ఆ ఏడాదే కొత్త చట్టం తెచ్చాడు. చిమ్నీ తుడిచేవాడికి పోలీసు దగ్గర ఏటా లైసెన్సు, పిల్లల్ని ఎక్కిస్తే లైసెన్సు పోతుంది. ఆ ఒక్క ఏర్పాటుతో ఆగిపోయింది.

కాబట్టి మీ ఇల్లు 1875కి ముందుదైతే, హాల్లో మీరు 'వేస్టు స్థలం' అంటున్న దాని లోపలికి ఏ పిల్లాడో పాకి ఉండొచ్చు. దాన్ని దాచిపెట్టి పూజ చేయమని నేనడగను. ఊరికే తెలిసి ఉండాలని చెప్తున్నా.

మరి ఈ చిమ్నీలన్నీ ఎప్పుడు ఖాళీ అయ్యాయి? దానికీ ఒక తేదీ ఉంది. 1952 డిసెంబరు 5 నుంచి 9 దాకా లండన్ మీద పొగమంచు కదలకుండా కూర్చుంది. గాలి ఆడలేదు, చలి ఎక్కువ, ఇంటింటా బొగ్గు మంటలు. బస్సుల ముందు మనుషులు దీపాలు పట్టుకుని నడిచారు. అప్పట్లో నాలుగు వేల మంది చనిపోయారన్నారు, తర్వాతి పరిశోధకులు పన్నెండు వేలదాకా ఉండొచ్చన్నారు. 1956లో క్లీన్ ఎయిర్ చట్టం వచ్చింది. కౌన్సిళ్ళు తమ ప్రాంతాన్ని పొగ నియంత్రణ ప్రాంతంగా ప్రకటించొచ్చు, అక్కడ పొగ వచ్చే బొగ్గు కాల్చకూడదు, పొయ్యి మార్చుకోవడానికి అయ్యే ఖర్చులో ఎక్కువ భాగం తిరిగిస్తారు. తర్వాత 1965లో ఉత్తర సముద్రంలో గ్యాస్ పడింది. 1967 నుంచి 1977 దాకా పదేళ్ళు ఇంటింటికీ తిరిగి స్టవ్వులు, హీటర్లు అన్నీ ఆ గ్యాస్‌కి మార్చారు. మనకి 1999లో దీపం పథకంతో గ్యాస్ బండ ఇంటికొచ్చింది చూడండి, అలాంటి మలుపు అది. తేడా ఏంటంటే, మన దగ్గర పొయ్యి తీసేస్తే చోటు ఖాళీ అవుతుంది, వీళ్ళ దగ్గర పొయ్యి పోయినా గోడ మిగిలిపోయింది.

కొన్నేళ్ళు ఆ గోడలో గ్యాస్ ఫైర్, దాని వెనక బాయిలర్ కూర్చున్నాయి. 2005 తర్వాత కొత్త బాయిలర్లు వేరే రకానివే పెట్టాలన్నారు, వాటికి బయటి గోడలోంచి సన్నటి గొట్టం చాలు. దాంతో చిమ్నీకి చివరి ఉద్యోగం కూడా పోయింది.

ఇక మొదటి ప్రశ్న. కొట్టేయొచ్చా?

కొట్టొచ్చు. కానీ అది గోడ కాదు, నిలువెత్తు స్తంభం అని ముందు ఒప్పుకోవాలి. పునాది నుంచి కప్పు పైదాకా ఒకదాని మీద ఒకటి నిలబడింది. ఇటుక కట్టడం ఘనమీటరుకి సుమారు పందొమ్మిది వందల కేజీలు తూగుతుంది. లోపల బోలు తీసేసినా ఒక అంతస్తు ఎత్తు బ్రెస్ట్ ఒక టన్ను పైమాటే. కింద తీసి పైన వదిలేస్తే, పైన బెడ్‌రూం బ్రెస్ట్, దాని మీద అటక, దాని మీద స్టాక్, ఈ మొత్తం బరువు గాల్లో ఉండాలి. కింద స్టీలు బీమ్ వేయాలి, దాన్ని ఇంజినీరు లెక్కకట్టాలి, కౌన్సిల్ బిల్డింగ్ కంట్రోల్ వచ్చి చూసి సర్టిఫికెట్ ఇవ్వాలి. కొంతమంది గోడకి బోల్టులు బిగించే ఇనుప బ్రాకెట్లు చాలంటారు. చాలా కౌన్సిళ్ళు వాటిని ఒప్పుకోవు, నేనైతే ఒప్పుకోను. ఎందుకంటే ఆ బ్రాకెట్ వేలాడేది ఉమ్మడి గోడ మీద. అవతలివాళ్ళు కూడా వాళ్ళ వైపు తీసేసి ఉంటే ఆ గోడకి అటు బరువు లేదు, ఇటే లాగుతుంది.

ఇల్‌ఫర్డ్‌లో మనవాళ్ళదే ఒక ఇల్లు. కొన్న ఏడాదికి పైన పిల్లల గదిలో సీలింగ్ దగ్గర పగులు కనిపించిందని పిలిచారు. కింద హాలు చదునుగా, అందంగా ఉంది, ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడు వాళ్ళకి బాగా నచ్చింది కూడా అదేనట. పైన మాత్రం చిమ్నీ బ్రెస్ట్ ఉంది. కింద లేనిది పైన ఎలా నిలబడిందని చెక్కలు విప్పి చూశాను. పాత ఓనరు పెట్టిన బిల్డరు కింద మొత్తం తీసేసి, పైన బరువుని రెండు ఫ్లోరు దూలాల మీద, అడ్డంగా ఒక కలప ముక్క మీద ఆపి, ప్లాస్టర్ బోర్డు కొట్టేశాడు. స్టీలు లేదు, కాగితాలు లేవు. ఆ గోడ పక్కనే బంకు బెడ్. ఆ రాత్రికే పిల్లల్ని కింద పడుకోబెట్టమని చెప్పాను. ఆయన మాట్లాడలేదు, వాళ్ళావిడ మాత్రం, "మరి సర్వే చేయించాం కదా అన్నయ్యా" అంది. సర్వేవాళ్ళు ప్లాస్టర్ వెనక చూడరమ్మా. మర్నాడు జాకీలు పెట్టించాం, ఇంజినీరుని పిలిపించాం, స్టీలు వేయడానికి కొన్ని వేల పౌండ్లు అయ్యాయి. ఇల్లు కొనేటప్పుడు కింద చిమ్నీ లేకుండా పైన ఉంటే, బిల్డింగ్ కంట్రోల్ సర్టిఫికెట్ చూపించమని లాయరుతో అడిగించండి. ఆ ఒక్క ప్రశ్న ఉచితం.

ఇంకొక చట్టం ఉంది, ఇంగ్లండ్, వేల్స్‌లో వర్తించేది. 1996 పార్టీ వాల్ చట్టం. ఉమ్మడి గోడకి ఆనుకున్న చిమ్నీ బ్రెస్ట్ కోసేయాలంటే పక్కింటివాళ్ళకి రెండు నెలల ముందు రాతపూర్వకంగా నోటీసివ్వాలి. వాళ్ళు పద్నాలుగు రోజుల్లో రాతపూర్వకంగా ఒప్పుకోకపోతే సర్వేయర్ రావాలి, ఆ ఖర్చు సాధారణంగా మనదే. మనవాళ్ళు ఇక్కడ మొహమాటపడతారు, లేదా చెప్పకుండా శనివారం పని పెట్టేస్తారు. నోటీసుకి ముందు ఒక డబ్బా స్వీట్లు పట్టుకెళ్ళి నోటితో చెప్పడమే నేను చూసినంతలో బాగా పనిచేసింది. ఇంకోటి, వెళ్ళినప్పుడు వాళ్ళింట్లో గ్యాస్ ఫైర్ ఇంకా వెలుగుతోందా అని అడగండి. అడ్డుగోడ పగిలితే వాళ్ళ పొగ మన గదిలోకి వస్తుంది. కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. చర్చిల్ ఊరి కథని నేను ఊరికే చెప్పలేదు.

చాలామందికి నేను చెప్పేది, తీయకండి అనే. వదిలేయడం కూడా ఒక పనే, దానికీ పద్ధతుంది. వాడని దారిని పైన మూత పెట్టి, కింద ఇటుకలు కట్టేసి, అన్నివైపులా బిగించేస్తే లోపల గాలి ఆడదు. వందేళ్ళ బొగ్గు పొగలోని లవణాలు ఇటుకల్లో దిగి ఉంటాయి. అవి గాల్లో తేమని లాగుతాయి, మన ఉప్పుడబ్బా వానాకాలంలో చెమర్చినట్టు. అప్పుడు కొత్తగా వేసిన పెయింటు మీద గోధుమరంగు మచ్చలు వస్తాయి. ఎన్ని కోట్లు వేసినా మళ్ళీ వస్తాయి. మనవాళ్ళు పైకప్పు కారుతోందనుకుని కప్పువాడిని పిలుస్తారు, అతను డబ్బు తీసుకుని ఒక పెంకు మార్చి వెళ్తాడు. కావాల్సిందేంటంటే, పైన వాన పడకుండా గాలి ఆడే మూత, కింద మూసిన చోట చిన్న జాలీ. మచ్చలున్న ప్లాస్టర్ చెక్కి కొత్తది వేయాలి, ఎందుకంటే ఉప్పు అందులోనే ఉంది. జాలీలోంచి చలి వస్తుందని దాని మీద టేపు అంటించేవాళ్ళని చూశాను. అంటించకండి.

పొయ్యి నోరు తెరిచి చూడాలనిపిస్తే తెరవండి, అది మంచి ఆలోచనే. 1930ల్లో పెట్టిన టైల్స్ పొయ్యి వెనక చెత్త, పగిలిన ఇటుకలు నింపి ఉంటారు. అవి తీస్తే వెనక అసలు మేస్త్రీ కట్టిన పెద్ద నోరు, పైన ఇటుకల ఆర్చి, దాని కింద వంపు తిరిగిన ఇనుప పట్టీ కనిపిస్తాయి. ఆ పట్టీ జోలికి వెళ్ళొద్దు, ఆర్చిని మోసేది అదే. ఒక్క జాగ్రత్త. 60, 70ల్లో నోరు మూయడానికి వాడిన బూడిదరంగు బోర్డుల్లో ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. ఈ దేశంలో దాన్ని పూర్తిగా నిషేధించింది 1999లో. అలాంటి బోర్డు కనిపిస్తే విరగ్గొట్టకుండా, డ్రిల్లు పెట్టకుండా, ముందు టెస్టు చేయించండి. మార్చి నుంచి వేసవి దాకా లోపల కాకుల్లాంటి జాక్‌డా పక్షుల గూడు ఉంటే దాన్ని కదపడం 1981 వన్యప్రాణి చట్టం కింద నేరం. పిల్లలు ఎగిరిపోయేదాకా ఆగాల్సిందే.

తెరిచిన నోట్లో ఏం పెట్టుకోవచ్చంటే, పుస్తకాల అర, టీవీ కింద బల్ల, ఏదైనా. కట్టెల స్టవ్ కావాలంటే పొగ నియంత్రణ ప్రాంతంలో అనుమతి ఉన్న రకమే పెట్టాలి, లైనర్ దింపించాలి, సర్టిఫికెట్ ఇచ్చేవాళ్ళతోనే చేయించాలి. వంటగదిలో ఉన్న చిమ్నీలోకి కుక్కర్ హుడ్ గొట్టం కలిపేద్దామని ఒకాయన అడిగాడు, పోపు వాసన పైకి పోతుందని. మన వంట నూనె ఆవిరంతా ఆ పాత ఇటుకల మీద పేరుకుంటుంది, ఏదో ఒక రోజు అంటుకుంటుంది. హుడ్ గొట్టం బయటి గోడలోంచి విడిగా తీయండి.

ఎక్కువమంది అడిగేది మాత్రం పూజ గురించే. పొయ్యి నోరు సరిగ్గా దేవుడి మందిరం సైజులో ఉంటుంది, నిజమే. అగ్ని ఉన్న చోటే కదా, దోషం లేదని మా బావమరిది అంటాడు, వాస్తు నాకు తెలీదు కాబట్టి ఒప్పుకుంటాను. మా ఇంట్లో కూడా అక్కడే పెట్టాం. లోపల కొత్త ప్లాస్టర్, నేలకి గ్రానైటు పలక, పైన పొగదారికి అడ్డంగా బోర్డు, ఆ బోర్డుకి జాలీ. తలుపులు పెట్టొద్దని మా ఆవిడకి చెప్పాను, కింద గాలి ఆడాలి, దీపం వేడి చెక్కకి తగలకూడదు. తలుపుల బదులు తెర కట్టుకుంది, దీపం పెట్టినప్పుడు పక్కకి లాగేస్తుంది.

నోరు తెరిచిన రోజు లోపల్నుంచి రెండు బస్తాల మసి వచ్చింది. పాతకాలంలో అయితే దీన్ని రైతు కొనేవాడని పిల్లలకి చెప్తుంటే, మా ఆవిడ గోంగూర కుండీల్లో వేద్దామంది. బొగ్గు మసి, తినే ఆకుకూరల దగ్గర వద్దన్నాను. మాస్కు పెట్టుకుని మూతులు కట్టి, కౌన్సిల్ చెత్త కేంద్రానికి ఫోన్ చేసి ఏ డబ్బాలో వేయాలో అడిగి, అందులో వేసి వచ్చాను.